ఎనిమిదో నంబరు పొయ్యి

మా లైను ఇండ్లు పద్దెనిమిది. నాది ఏడో నంబరు, కమలాక్షిది ఎనిమిది. ఇండ్లు రెండైనా మా ఇద్దరికీ పొయ్యి ఒకటే. ముప్పై ఏళ్లుగా అది నా ఇంట్లోనే మండింది.

గుడియాత్తం నుంచి పరదరామి పోయే దోవలో, కొండ కింద మామిడితోట మాది. మాది అంటున్నాను గానీ, తోట గోపాలస్వామి గారిది. మేము అందులో పనివాళ్లం. కాయ కోసేది, గడ్డి తీసేది, పెట్టెల్లో కాయ సర్దేది మా పని. ఆయన తండ్రి కాలంలో పనివాళ్ల కోసం కట్టిన వరస ఇండ్లే ఈ లైను. ఒక గది, వెనకాల ఒక వంటగది, ముందు అరుగు. నేను పెళ్లయి మేల్పాడి నుంచి ఇక్కడికి వచ్చాను. నా భర్త మునుస్వామికి కాయ కోతలో ఈ చుట్టుపక్కల పేరుండేది.

కమలాక్షి తోట మనిషి కాదు. ఆమె భర్త అంకప్ప తాపీమేస్త్రీ. కాయలు సర్దే షెడ్డు కట్టడానికి వచ్చి ఎనిమిదో నంబరులో దిగాడు. పని అయిపోయినా ఆ ఇల్లు ఖాళీ చేయమని ఎవరూ అడగలేదు. నా భర్త మంచం పట్టిన ఏడాది, వాన పడుతున్నా కమలాక్షి కొంగు కింద గంజి చట్టి పెట్టుకొని చుట్టూ తిరిగి వచ్చేది. అది చూడలేక అంకప్ప ఒకరోజు మా రెండు వంటగదుల మధ్య గోడ పగలగొట్టి, మనిషి వంగి దూరేంత దోవ పెట్టాడు. తర్వాత మునుస్వామి పోయాడు. నాలుగేళ్లకు అంకప్ప కూడా పోయాడు. ఆ దోవ మాత్రం ఉండిపోయింది. కమలాక్షి పొయ్యిని పందికొక్కులు తవ్వేస్తే, అక్కడ కట్టెలు పేర్చుకున్నాం.

నాకు చిన్నప్పటి నుంచీ ఒక భయం. ఎనిమిదేళ్లప్పుడు మా అమ్మ నన్ను మేల్పాడిలో పిన్నమ్మ ఇంట్లో దించి, పొద్దు గూకేలోపల వస్తానని పోయింది. రాలేదు. అప్పటినుంచి ఎవరు గడప దాటినా, తిరిగి వచ్చేదాకా వాకిట్లోనే నిలబడి చూస్తాను. కమలాక్షి దానికి నన్ను ఆటపట్టించేది.

"అక్కా, కొళాయి కాడికి పోతా ఉండా. కాశీకి కాదు. ఏడవబాకు."

గోపాలస్వామి గారు చనిపోయాక ఆయన కూతురు తోటను అమ్మేసింది. కానీ లైను ఇండ్లు ఉన్న జాగాను అమ్మకంలో కలపలేదు. ఎవరి ఇల్లు వాళ్లకు విడివిడిగా రాసిస్తే నాలుగేళ్లలో దళారులు ఒక్కొక్కటే కొనేస్తారని, జాగా మొత్తం కలిపి మా అందరి సంఘానికి రాసిచ్చింది. గోడలు, బావి, అరుగులు అన్నీ సంఘానివి. ఉన్నవాళ్లకు వాటాలు. వాటా అమ్ముకోకూడదు, బాడుగకు ఇవ్వకూడదు. ఉన్నంతకాలం ఉండచ్చు. పోయిన తర్వాత ఆ వాటా ఎవరికన్నది కూడా కాగితాల్లో రాసి ఉంది.

ఈ సంగతులు రాసిన కాగితాలు మొదట నా చేతికే వచ్చాయి. నేను బడికి పోలేదు. కాయల పెట్టెల్లో పరిచే పాత పేపర్లు చూసి తెలుగు నేర్చుకున్నాను. బస్సు బోర్డులు, రేషన్ అంగడి బోర్డు చూసి అరవం కూడబలుక్కున్నాను. లైనులో ఏ కాగితం వచ్చినా "చిన్నమణవ్వ కాడికి తీసకపో" అంటారు.

మొత్తం మూడు కాగితాలు. మొదటిదాంట్లో రెండో వరస దగ్గరే నేను ఆగిపోయాను. ఒక పొయ్యికి ఒక వాటా.

ఆ వరసను ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. కమలాక్షి పేరు తోట పనివాళ్ల పుస్తకంలో ఎన్నడూ లేదు. ఇప్పుడు ఆమెకు పొయ్యి కూడా లేదు. ఎనిమిదో నంబరును కట్టెల కొట్టు అని రాసేస్తారు. నేను ముందు పోతే ఆమె బయటికి పోవాలి. లేదంటే నేను బతికుండగానే పంపేస్తారు. అలా తలచుకొని తలచుకొని రెండు రోజులు నాకు నిద్ర లేదు. మిగతా రెండు కాగితాల మీద నా చూపు నిలవలేదు. వాటిని మడిచి సామాన్ల పెట్టెలో పెట్టాను.

మూడోనాడు బియ్యం ఏరుతూ చెప్పాను.

"ఏమే కమలా, నీ పొయ్యి మళ్లా వేసుకోవాల."

"ఎందుకక్కా? నా చేతిలో ఉప్పు ఎక్కువైందా?"

"నవ్వబాకు. వేరు పొయ్యి ఉంటేనే వేరు వాటా. లేకుంటే నిన్ను లెక్కలోకి తీసుకోరు."

ఆమె చేట కింద పెట్టింది. "పొయ్యి వేరుపడేది అన్నదమ్ములు కొట్లాడుకొంటే గదా. మనం దేనికి కొట్లాడినాం? ఆ సొట్ట చెంబు నీకా నాకా అనా?"

"కాగితం కోసమే. ఆఫీసరు వచ్చి చూసి పోతాడు. పోయినంక పగలగొట్టేస్తాం."

"పొయ్యిని అట్లా ఆట మాదిరి వేయకూడదక్కా. మావోళ్లలో ఆడది వేరు పొయ్యి పెడితే పుట్టింటోళ్ల చెయ్యి పడాల. నేను వేసుకోకూడదు, నువ్వు వేయకూడదు. వేసినోడు మొదటి ముద్ద తినాల. తిన్నంక ఆ ఆడదాని కూటికి వాడే పూచీ." చేట మళ్లా ఒళ్లోకి తీసుకొని, "వేరుపడినామె మళ్లా ఆ పాత పొయ్యి అన్నం తినేది సావుకే," అంది.

"అదంతా ఆ కాలం మాట."

"ఏ కాలమైనా మాట మాటే గదా."

అయినా నేను వదల్లేదు. వారం రోజులు పోరాను. చివరికి ఆమె విసుగుతో ఫోను చేసింది.

వేలూరు సత్తువాచారిలో ఆమె అన్న కొడుకు కేశవ్ ఉన్నాడు. వాడూ తాపీపనే, ఇప్పుడు సొంతంగా ఇండ్లు కట్టిస్తున్నాడు. పండుగకో పబ్బానికో ఫోను చేయడమే గానీ రాకపోకలు తక్కువ. ఆదివారం బండి మీద తాపీ, మట్టపు గొట్టం, ఇటుకలు వేసుకొని వచ్చాడు. మంచి పిల్లవాడు. వచ్చీ రాగానే చొక్కా విప్పి, కట్టెలన్నీ తానే మోసి బయట పెట్టాడు.

"ఏమత్తా, పెద్దమ్మతో మాటలు లేవా?" అని నన్ను చూస్తూ అడిగాడు.

"మాట్లాడుకోనే వేరుపడినాం లేరా," అని కమలాక్షి నవ్వింది.

మధ్యాహ్నానికల్లా పొయ్యి అయింది. ఎంత నున్నగా వేశాడంటే, అద్దం మాదిరి ఉంది. నేను అక్కడితో ఆగి ఉండాల్సింది.

"నాయనా, ఈ గోడలో దోవ కూడా మూసెయ్. ఆఫీసరు చూస్తే ఒకే ఇల్లు అనుకొంటాడు."

కేశవ్ వాళ్లత్త వైపు చూశాడు. ఆమె నా వైపు చూసింది. "మూసెయ్ రా, అక్క చెప్పింది గదా," అంది.

అంకప్ప పెట్టిన దోవ. ఇటుక మీద ఇటుక పెట్టి మేనల్లుడు మూసేశాడు. చివరి ఇటుక పెట్టేటప్పుడు కమలాక్షి అవతల నుంచి చెయ్యి చాపి, "అక్కా, నీ గరిటె ఇక్కడుండిపొయింది," అని ఇచ్చింది. తర్వాత అటు కొత్త పొయ్యి ముట్టించి పాలు పొంగించింది. అన్నం వండి మొదటి ముద్ద కేశవ్‌కు పెట్టింది. అది నేను గోడ ఇవతల ఉండి విన్నాను, చూడలేదు.

పది రోజులకు వాటాలు రాసే ఆఫీసరు విజయకుమార్ వచ్చాడు. చిన్న వయసు, ఓపికస్థుడు. ప్రతి ఇంట్లోకీ పోయి పొయ్యి చూసి, ఎంతమంది తింటారో రాసుకుంటున్నాడు. పద్నాలుగో నంబరులో శరవణన్, మీనా, వాళ్ల ముగ్గురు పిల్లలు, శరవణన్ తమ్ముడి కుటుంబం కలిసి ఎనిమిది మంది ఉన్నారని చూసి తల పట్టుకున్నాడు. "వాన వస్తే మేము అరుగు మీద గొడుగు పట్టుకొని నిద్రపోతాం సార్," అని మీనా నవ్వుతూ చెప్పింది.

నా ఇంటికి వచ్చి గోడ మీద చెయ్యి పెట్టాడు. అవ్వా అనడానికి అరవంలో పాట్టీ అనేవాడు. "ఇది కొత్త సిమెంటులా ఉందే పాట్టీ?"

"పాతది పగిలింది సార్."

"ఎనిమిదో ఇంటి పాట్టి మీకు ఏమవుతుంది?"

కమలాక్షి వాకిట్లోనే నిలబడి ఉంది. లైనులో సగం మంది అక్కడే ఉన్నారు. నిజం చెబితే రెండూ ఒక ఇల్లని రాసేస్తాడని భయపడ్డాను.

"ఏమీ కాదు సార్. పక్కింటామె, అంతే."

"చుట్టరికం?"

"లేదు."

"కలిసి తింటారా?"

"ఏనాడూ లేదు."

ఎవరో వెనకాల కిసుక్కున నవ్వారు. కమలాక్షి నవ్వలేదు. ఆయన రాసుకున్నాడు. వాటా కాగితాలు ఇచ్చేముందు ఇంకోసారి వచ్చి చూస్తానని చెప్పాడు. దాంతో గోడ అలాగే ఉండాల్సి వచ్చింది.

రెండు నెలలు మేము వేరువేరుగా వండుకున్నాం. పొద్దున్నే ఆమె గరిటెతో గోడ మీద రెండు దెబ్బలు కొట్టేది, నిద్ర లేచానని. నేనూ రెండు కొట్టేదాన్ని. ఒకనాడు చింతచిగురు పప్పు చేసి గిన్నెలో తీసుకొని పోయాను. గిన్నె అందుకోలేదు. "వద్దక్కా, ఎవురైనా చూస్తే నీ మాట అబద్ధమైపోతాది," అంది. ఎగతాళికి అన్నదని అనుకున్నాను. గిన్నె పట్టుకొని వెనక్కి వస్తుంటే, ఆమె పళ్లెంలో ఉత్త రసం అన్నం కనబడింది.

ఆషాఢంలో, అరవ లెక్కన ఆడి నెలలో, కాయలు సర్దే షెడ్డు కింద అందరినీ కూర్చోబెట్టి వాటా కాగితాలు ఇచ్చారు. కమలాక్షికి ఎనిమిదో నంబరు కాగితం వచ్చింది. నాకు ఏడోది. గెలిచాననుకున్నాను. నా కాగితం విప్పి చదువుకుంటే, నా పేరు కింద మూడు ఖాళీ గీతలున్నాయి.

"ఇవి ఎందుకు సార్?"

"ఆ పొయ్యిలో కలిసి తినేవాళ్ల పేర్లకు పాట్టీ. ఒకరు పోయినా మిగిలినవాళ్లకు ఇల్లు ఉంటుంది."

"చుట్టరికం ఉండాలి గదా?"

"అక్కర్లేదు. తోటలో పనిచేసి ఉండాలని కూడా లేదు. కలిసి ఉంటే చాలు. మూడో కాగితంలో అదే కదా రాసింది. మీరు అందరికీ చదివి చెప్పారని విన్నానే!"

చదవకుండానే పెట్టెలో మడిచి పెట్టిన కాగితం తలపుకొచ్చింది. కమలాక్షి నా పక్కనే ఉంది, అంతా వింది. తన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి రొంటిన దోపుకుంది.

ఆ సాయంత్రమే కేశవ్ వచ్చాడు. వాటా వచ్చిందని సంతోషపడ్డాడు గానీ, వచ్చిన పని అది కాదు.

"అత్తా, నాతో వచ్చెయ్. నువ్వు పెద్దమ్మతో కలిసుండావు గదా అని ఇన్నేండ్లూ నిబ్బరంగా ఉంటిమి. ఇప్పుడు ఒంటిగా పొయ్యి ఊదుకొంటా ఉండావు. ఆ పొయ్యి వేసింది నేనే, మొదటి ముద్ద తినింది నేనే. రేపు నీకేమన్నా అయితే మావోళ్లు నా మొగాన ఉమ్మెయ్యరా?"

"ఇల్లు పోతాది గదరా. ఆరు నెలలు లేకుంటే వాటా సంఘానికి పోతాది."

"పోతే పోనీ. కావల్సినోళ్లకి ఇస్తారు. ఇల్లు నాకు కొత్తా?"

వాడి మాటలో దురాశ లేదు. ఉండి ఉంటే బాగుండేది, నేను తిట్టి పంపి ఉందును. కమలాక్షి అరుగు మీద కూర్చొని నా వైపు తిరిగింది.

"ఏమక్కా, పోనా?"

ఉండు అనడానికి నా నోరు తెరుచుకోలేదు. మేల్పాడిలో మా అమ్మ కొంగు పట్టుకొని ఉండమని ఎంత ఏడ్చానో నాకు తెలుసు. అడిగినా పోయేవాళ్లు పోతారని ఆనాడే నా మనసులో గట్టిపడిపోయింది. మూడో కాగితం సిగ్గు ఇంకోపక్క.

"నీ ఇష్టమమ్మా," అన్నాను.

ఎప్పుడూ ఏమే, ఒసే అని పిలిచేదాన్ని, ఆరోజు అమ్మా అన్నాను. ఆమె లేచి, రెండు చీరలు, అంకప్ప ఫొటో సంచిలో పెట్టుకుంది. సొట్ట చెంబు నా అరుగు మీద పెట్టింది. "ఇది నీదే అక్కా, దీనికి కొట్లాట లేదు," అని బండెక్కింది.

నెల గడిచింది, రెండు నెలలు గడిచాయి. పొద్దున గోడ పలకదు. ఫోను చేస్తే, "బాగుండా అక్కా, మోకాలు నొప్పి, డాక్టరుకు చూపించినాడు," అనేది. నాలుగో నెలలో నేనే బయల్దేరాను. గుడియాత్తంలో బస్సెక్కి, లత్తేరి దాటేవరకూ ఏమి చెప్పాలో కూడబలుక్కున్నాను. కాట్పాడి వచ్చేసరికి అంతా మరిచిపోయాను. సత్తువాచారిలో ముందు విజయకుమార్ ఆఫీసుకు పోయి, నా కాగితంలో ఖాళీ గీత మీద కమలాక్షి పేరు రాయమని అడిగాను.

"తప్పకుండా రాస్తాను పాట్టీ. ఆమె వచ్చి మీ ఇంట్లో ఉంటే చాలు, ఆరోజే రాసేస్తాను," అన్నాడు.

కేశవ్ ఇల్లు అక్కడికి దగ్గరే. మేడ మీద గది, కిటికీలోంచి కొండ కనబడుతుంది. కమలాక్షి కొంచెం ఒళ్లు చేసింది. కేశవ్ భార్య హేమప్రియ టిఫిన్ పెట్టి, మమ్మల్ని వదిలేసి కిందికి పోయింది.

"ఇంట్లోకి రా కమలా," అన్నాను. అరుగు మీద అనలేని మాట, నాలుగు నెలలకు, బస్సు ఛార్జీ పెట్టుకొని పోయి అన్నాను.

"యా పొయ్యి కాడికి రావాల?"

"నా పొయ్యి కాడికే. మన పొయ్యి కాడికి. నీ పేరు రాస్తానని ఆఫీసరు ఒప్పుకున్నాడు."

ఆమె నా చేయి తీసుకొని ఒళ్లో పెట్టుకుంది. "పేరుదేముందక్కా. నువ్వు భయపడి చెప్పినావని నాకు తెలీదా? నాకోసమే చెప్పినావు. అయినా ఆ పొద్దు, ఏనాడూ కలిసి తిన్లేదంటివే. మూడు దినాలు నాకు అన్నం దిగలేదు. మా ఆయన పోయినప్పుడు నువ్వు నా నోట్లో పెట్టిన గంజి జ్ఞాపకమొచ్చింది. అది కూడా లేదనేస్తివే."

"తప్పైపోయింది."

"తప్పు సంగతి కాదు. నీ పొయ్యిని నేను విడిచినా. కేశవు పూచీ తీసుకొన్నాడు. ఇప్పుడు మళ్లా నీ అన్నానికి వస్తే, వాడు నాకు కూడు పెట్టలేదని మావోళ్లంటారు. వాడు ఏం పాపం చేసినాడు?" నవ్వడానికి చూసింది. "నేను ముందు పోతే నువ్వు రా. నువ్వు ముందు పోతే నేను వస్తా. వచ్చి నీ పొయ్యి అన్నం తింటా. అది ఎవురూ కాదనరు."

తిరిగి వచ్చేటప్పుడు బస్టాపు దాకా వచ్చింది. మోకాలు నొప్పితో కుంటుతూ వచ్చింది. బస్సు కదిలేటప్పుడు, "ఏడవబాకు, కొళాయి కాడికే," అంది.

ఆరు నెలలు నిండాయి. సంఘం కూటం పెట్టారు. ఎనిమిదో నంబరు వాటా శరవణన్, మీనాలకు ఇవ్వాలని తీర్మానం. జాగా అందరిదీ కాబట్టి అందరూ చేవ్రాలు పెట్టాలి, ఒక్కరు కాదన్నా ఆగిపోతుంది. చదివి వినిపించే పని నాదే.

మీనా నా పక్కన చేరి మెల్లగా చెప్పింది. "అవ్వా, నీకు మనసు లేకుంటే చెప్పెయ్. ఇంకో నెల చూస్తాం. ఇన్నాళ్లు పడుకోలేదా అరుగు మీద?"

ముందురోజు వాన పడింది. ఆమె చిన్నకూతురి ముక్కు కారుతోంది, కొంగుతో తుడుస్తోంది. నేను కళ్లద్దాలు పెట్టుకొని చదివాను. "ఎనిమిదో నంబరు ఇంట్లో ప్రస్తుతం ఎవరూ కాపురం లేరని ఈ కూటం తెలుసుకున్నది." అందరికీ వినబడేటట్టు చదివాను. మూడు కాగితాలూ చివరిదాకా చదివాను. అందరికంటే ముందు నేనే చేవ్రాలు పెట్టాను.

వాళ్లు దిగిన మరునాడు మీనా వచ్చింది. "మాకు గ్యాసు ఉండాది అవ్వా. ఆ పొయ్యి తీసేస్తే పిల్లోళ్లకు ఒక మంచం పడతాది. పగలగొట్టచ్చునా?"

"నువ్వు పగలగొట్టబాకు. ఆ మనిషి బతికుండాది, పరాయి చెయ్యి పడకూడదు. వేసిన చెయ్యే తీయాల."

కేశవ్‌కు ఫోను చేశాను. ఆదివారం వచ్చాడు. పావుగంటలో పొయ్యి ఊడదీశాడు. ఇటుకలు ఒకటొకటే తీసి, మసి దులిపి వాకిట్లో పేర్చాడు. మసి పెద్దగా లేదు, ఎన్నాళ్లు మండిందని. ఒక ఇటుకను మాత్రం తువ్వాలులో చుట్టి బండికి కట్టుకున్నాడు.

"అత్త తీసుకురమ్మనింది పెద్దమ్మా. ఎందుకో చెప్పలేదు."

చేతులు కడుక్కొని, మా ఇంట్లోకి వచ్చి నీళ్లు తాగాడు. సొట్ట చెంబుతోనే ఇచ్చాను. తాగుతూ గోడ వైపు చూశాడు. సిమెంటు ఇంకా కొత్తగానే కనబడుతోంది. చెంబు కింద పెట్టి తాపీ చేతిలోకి తీసుకున్నాడు.

"ఎట్లాగూ వచ్చినా. ఈ దోవ కూడా తెరిచేసి పోదునా పెద్దమ్మా? అర్ధగంట పని. ఆ కాగితం పని అయిపొయింది గదా."

అవతల మీనా గ్యాసు పొయ్యి వెలిగించిన చప్పుడైంది. పిల్లలు అన్నానికి గోల చేస్తున్నారు.

"వద్దు నాయనా," అన్నాను. "అవతల ఉండేది వేరే వాళ్ల పొయ్యి."